లేని మోకాలి దెబ్బ

మీరు పొద్దున టీ తాగుతూ చదివిన ఆటల వార్తను రాసిన మనిషి ఆ ఆటను కళ్ళారా చూశాడని మీకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మీరే అనుకున్నారు. బాబా గాల్లోంచి విబూది తీశాడంటే సాక్ష్యం అడగండని నేను మీటింగుల్లో గొంతు చించుకున్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా, అచ్చులో కనిపించిన మాటకు మాత్రం సాక్ష్యం అడగరు. అచ్చు కూడా ఒక విగ్రహమే. దానికి మొక్కేవాళ్ళలో మా నాస్తికులే ఎక్కువ.

నేను ఆటల వార్తలు రాసేవాణ్ణి. మార్కాపురంలో ఉంటూ ఇటు గిద్దలూరు దాకా, అటు దోర్నాల దాకా తిరిగాను. కబడ్డీ, వాలీబాల్, పల్లెల్లో క్రికెట్, తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు, బడిపిల్లల పరుగు పందేలు, ఏది జరిగినా వెళ్ళాను. దాని మీద బతికానని చెప్పను. ట్యూషన్లు చెప్పి బతికాను, ఆటల వార్తలు రాశాను. మా దగ్గర రాసేవాళ్ళంతా అంతే. ఒకాయనకు ఫొటో స్టూడియో ఉంటుంది, ఇంకొకాయన బీమా ఏజెంటు.

మా వృత్తిలో కామన్ కాపీ అని ఒకటుంది. ఒక ఊళ్ళో పోటీలు జరుగుతాయి. నాలుగైదు పేపర్లవాళ్ళం వెళతాం. ప్రారంభోత్సవం దాకా అందరం ఉంటాం. ముఖ్య అతిథి ప్యాంటు కొంచెం పైకి లాక్కుని, గీత దాటి, కూత పెడుతున్నట్టు వంగి నిలబడతాడు. ఇద్దరు ఆటగాళ్ళు ఆయన్ని పట్టుకోబోతున్నట్టు చేతులు చాపుతారు, ముట్టుకోరు. ఫొటో అయిపోతుంది. తర్వాత అతిథులకూ మాకూ శాలువాలు, ఆ తర్వాత భోజనం. చేయి కడుక్కోగానే అందరికీ ఇంకోచోట పని గుర్తొస్తుంది. ఒక్కరు మాత్రం ఆగుతారు. ఆగినవారు ఫలితం రాసి మా వాట్సాప్ గ్రూపులో పెడతారు. మిగతావాళ్ళం మొదటి వాక్యం కాస్త అటూ ఇటూ తిప్పి ఎవరి డెస్కుకు వాళ్ళం పంపుకుంటాం. దీన్ని సోమరితనమని మీరు కొట్టిపారేయకండి. నడివేసవిలో పొద్దున దొనకొండలో, మధ్యాహ్నం వెలిగండ్లలో, సాయంత్రం దోర్నాలలో బండి మీద తిరిగి చూడండి. ఒకరి బరువును నలుగురు పంచుకోవడంలో మొదట నాకూ తప్పేమీ కనిపించలేదు.

తప్పు దాని చుట్టూ పెరిగిన మర్యాదల్లో ఉంది. గ్రూపులో పెట్టినదాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు. ఒకరి పేపర్లో వచ్చినదానికి ఎదురుగా ఇంకొకరి పేపర్లో రాకూడదు, వస్తే డెస్కు ఇద్దర్నీ అడుగుతుంది. శాలువా కప్పినవాళ్ళ మీద విమర్శ రాయకూడదు. ఓడినవాళ్ళు అంపైరును తిడితే ఓపిగ్గా వినాలి, రాయకూడదు. ఇవేవీ ఎక్కడా రాసిపెట్టి లేవు. కులం కట్టుబాట్లు మాత్రం ఎక్కడ రాసిపెట్టి ఉన్నాయి? తప్పినవాణ్ణి మాత్రం అందరూ వెంటనే గుర్తుపడతారు.

ఈ మర్యాద ఒక ఆడపిల్ల మోకాలిని ఎలా విరగ్గొట్టిందో చెబుతాను.

పోయిన ఏడాది ఒక ఊళ్ళో తిరునాళ్ళకు మహిళల కబడ్డీ పోటీలు పెట్టారు. మార్కాపురం నుంచి బండి మీద పోయి రాగల ఊరు. పేరు రాయను. రాస్తే తప్పు ఆ ఒక్క ఊరికే అంటుతుంది, మిగతా ఊళ్ళన్నీ చేతులు దులుపుకుంటాయి. వచ్చిన జట్లలో గిద్దలూరు వైపు పల్లెల పిల్లలతో ఒక వ్యాయామ టీచరమ్మ కూర్చుకున్న జట్టు ఒకటి. కొందరు బడిలో ఆమె దగ్గర ఆడుతున్నవాళ్ళు, కొందరు బడి దాటి కాలేజీలో చేరినవాళ్ళు. ఆ జట్టుకు కూత పెట్టే పిల్ల అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. తల్లీ తండ్రీ మిరపకాయ కోతలకూ కంది కోతలకూ కూలికి పోతారు. ఆదివారం చర్చికి పోయే కుటుంబం. పిల్ల సన్నం. అటువైపువాళ్ళు చుట్టుముట్టి కాలు పట్టుకున్నా, నేల మీద పడి, ఒళ్ళంతా సాగదీసి, మధ్యగీతను వేలి కొసతో అందుకునేది. అందుకున్నాక లేచి, మోచేతుల మట్టి దులుపుకుని, ఏమీ జరగనట్టు తన చోటికి నడిచేది. ఆ నడక కోసమే నేను ఎండలో కూర్చునేవాణ్ణి.

ఆ పిల్లకు అప్పుడు ఒక అవకాశం చేతికందే దూరంలో ఉంది. జిల్లా జూనియర్ జట్టు కోసం జరిగే శిక్షణ శిబిరానికి పిలిచారు. అందులో నిలిస్తే రాష్ట్ర పోటీలు. రాష్ట్ర పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ ఉంటే డిగ్రీలో క్రీడాకారుల కోటాలో సీటు, దానితో పాటు హాస్టలు. లేకపోతే మిరప చేను, ఏడాదో రెండేళ్ళో పోయాక పెళ్ళి. టీచరమ్మ ఈ సంగతి నాకు పోటీల మొదటి రోజే చెప్పింది, పిల్ల మీద ఒక కన్నేసి ఉంచమని.

సెమీఫైనల్, ఫైనలుకు ముందురోజు సాయంత్రం జరిగింది. ఓడిపోయే ఆటను ఆ పిల్లే గట్టెక్కించింది. మర్నాడు ఫైనలుకు నేను వెళ్ళేసరికి కోర్టు నాలుగు మూలలా పసుపు చల్లి నిమ్మకాయలు పెట్టారు. స్కోరు రాసే బల్ల మీద అమ్మవారి ఫొటో, ముందు కొబ్బరి చెక్కలు. అంతవరకు నేనూ ఏమీ అనలేదు. వయసు పెరిగేకొద్దీ మనిషికి ఊరుకోవడం అలవాటవుతుంది. కాసేపటికి మైకులో ఒకాయన, అమ్మవారి ఎదుట జరిగే ఆట కాబట్టి శుచి లేనివాళ్ళు గీత లోపలికి రాకూడదని పదేపదే చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ఎవరి గురించో నాకు అర్థం కాలేదు. కమిటీ అధ్యక్షుడు నేరుగా టీచరమ్మ దగ్గరకు రావడంతో అర్థమైంది. జట్టుకు బస ఇచ్చింది ఆయన తమ్ముడి ఇంట్లో. ఆ పిల్లకు ముందురోజే నెలసరి వచ్చిన సంగతి పొద్దున ఆ ఇంటి ఆడవాళ్ళకు తెలిసింది. అక్కణ్ణుంచి మైకు దాకా వచ్చేసింది.

"ఆ పాపను ఇయ్యాల కూర్చోబెట్టండి మేడం" అన్నాడు అధ్యక్షుడు.

"కూర్చోబెట్టి ఎవర్ని ఆడించాలన్నా? కూత పెట్టేదే ఆ పిల్ల గదా."

"ఎవర్నన్నా ఆడించుకోండి. కాదంటే రెండో బహుమతి తీసుకొని బస్సెక్కండి. ఊరికి ఏమన్నా అయితే మీరొచ్చి చూస్తారా?"

నేను లేచి వెళ్ళి మధ్యలో కలగజేసుకున్నాను. నిన్న సాయంత్రం ఆడినప్పుడు రాని అరిష్టం ఇయ్యాల ఎలా వస్తుందని అడిగాను. ఆడమనిషి ఒంట్లో నెలనెలా జరిగేది జరగకపోతే ఈ ఊరూ ఉండదు, ఈ కమిటీ ఉండదు, బల్ల మీదున్న అమ్మవారు కూడా ఆడమనిషే కదా అన్నాను. ఈ మాటలు నేను ఎన్ని సభల్లో చెప్పానో నాకే గుర్తులేదు. సభలో అయితే ఇక్కడ చప్పట్లు పడేవి. అధ్యక్షుడికి కోపం కూడా రాలేదు.

"మీకు దేవుడు లేడన్నా, మాకుండాడు" అన్నాడు. "మీ భోజనం అయిందా? లోపల వడ్డిస్తాండారు, పోయి తినిరాండి."

తర్వాత నా భుజం మీదుగా ఎవరికో సైగ చేసి పాటల సౌండు పెంచమన్నాడు. వాదనకు వాదనతో బదులు చెప్పేవాడితో తెల్లవార్లూ మాట్లాడవచ్చు. అన్నం పెట్టి పాట పెంచేవాణ్ణి ఏం చేస్తాం?

పిల్ల జెర్సీ మీద చున్నీ కప్పుకుని, కోర్టు చుట్టూ కట్టిన తాడుకు అవతల కూర్చుంది. ఆట మధ్యలో, తన చోట కూతకు వెళ్ళిన పిల్ల దొరికిపోయినప్పుడు ఒకసారి లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. వాళ్ళ జట్టు ఓడిపోయింది. ప్రేక్షకుల్లో సగం మందికి అది ఎందుకు ఓడిందో తెలుసు. ఆ సగం మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆ రోజు కామన్ కాపీ రాసే వంతు మా అందరికన్నా పెద్దాయనది. అందరం అన్న అంటాం. నేను స్కోరు రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నడుముకు బెల్టు బిగించి బండి నడుపుతాడు, అయినా ఎవరి వంతు పడినా తనే ఆగుతానంటాడు. మంచి మనిషి. ఈ కథలో నాకు ఇబ్బంది అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

ఆయన టెంటు కింద కూర్చుని ఫోనులో రాస్తున్నాడు. భుజం మీదుగా చూశాను. కీలక క్రీడాకారిణి గాయం కారణంగా ఫైనలుకు దూరమైందని ఉంది.

"గాయం ఎక్కడుందన్నా? ఆపినారు గదా, నువ్వూ చూసినావు" అన్నాను.

"చూసినాలే తమ్ముడూ. ఆ మాట పేపర్లో రాస్తామా? ఆడబిడ్డ. దెబ్బ తగిలిందంటే గౌరవంగా ఉంటాది."

"గౌరవం ఎవరికి?"

"అందరికీ" అన్నాడు ఆయన, ఫోనులోంచి తల ఎత్తకుండా. "పిల్లకు, ఊరికి, మనకు."

ఆ మాట ఆయన నిజంగానే నమ్మి అన్నాడు. నెలసరిని దాచిపెట్టాల్సిన విషయంగా చూసే ఇళ్ళలోనే మేమంతా పెరిగాం. ఇంట్లో ఆడవాళ్ళు మూడు రోజులు వసారాలో చాప వేసుకుని కూర్చుంటే, ఎందుకని అడిగిన పిల్లలకు కాకి ముట్టుకుందని చెప్పేవాళ్ళు. అన్న రాసింది కూడా అదే కాకి. కాకి అంటే చదువుకున్నవాళ్ళు నవ్వుతారని గాయం అన్నాడు.

నేను విడిగా రాశాను. నిర్వాహకుల అభ్యంతరం వల్ల ఆ క్రీడాకారిణి ఫైనల్లో ఆడలేకపోయింది, ఆమెకు గాయమేమీ లేదు అని. అభ్యంతరం దేనికో రాయలేదు. అది చెప్పాలో వద్దో తేల్చాల్సింది ఆ పిల్ల. తాడు అవతల అలా కూర్చున్న మనిషి దగ్గరకు పోయి అప్పుడే ఆ మాట అడగబుద్ధి కాలేదు.

మర్నాడు పేపర్లన్నీ తెప్పించి చూశాను. ఒకదాంట్లో గాయం. ఒకదాంట్లో కాలి గాయం. మా పేపర్లో మోకాలి గాయం. నేను పంపిన వార్తలోనే, నేను రాయని మోకాలు. డెస్కుకు ఫోన్ చేశాను. అక్కడ ఉన్నది కుర్రవాడు, పనిలో చురుకైనవాడు, నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతాడు.

"మీ గ్రూపులో నేనూ ఉన్నాను కదా సార్, చూశాను. అందరూ గాయం అన్నారు, మీరొక్కరే అభ్యంతరం అని రాశారు" అన్నాడు. "తప్పు పోకూడదని నేనే సరిచేశాను."

"సరే, మోకాలు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఉత్తి గాయం అంటే వాక్యం బోసిగా ఉంది సార్. కబడ్డీలో ఎక్కువగా మోకాలే కదా."

నేను ఫోన్ పెట్టేశాను. కోపం కూడా రాలేదు. నా జీవితమంతా నేను పల్లెల్లో ఎదిరించింది ఈ తర్కాన్నే. వేపచెట్టుకు పాలు కారాయంటారు, నువ్వు చూశావా అంటే, ఊరంతా చూశారంటారు. ఊరంతా ఎవరని ఒక్కొక్కరినీ అడుగుతూ వెళితే చివరికి అందరూ ఒకే మనిషి దగ్గర విన్నవాళ్ళు. ఒక్క నోటి మాట వంద నోళ్ళలో పడితే వంద సాక్ష్యాలు అయినట్టు. నలుగురు విలేకరులు ఒకే కాపీ పంపితే నాలుగు సాక్ష్యాలు అయ్యాయి, ఆట చూసి రాసిన అయిదోవాడు తప్పయ్యాడు. చెట్టు కింద నేను గెలిచిన వాదన మా ఆఫీసులో ఓడిపోయింది.

శిబిరం మొదలు కావడానికి ముందు అక్కడి కోచ్ టీచరమ్మకు ఫోన్ చేశాడు. మోకాలి గాయమని పేపర్లో చూశాం, ఆ పిల్లను విశ్రాంతి తీసుకోమనండి, ఆమె చోట ఇంకొకరిని పిలుస్తున్నాం అన్నాడు. ఆయన తప్పు ఏముంది? కబడ్డీలో మోకాలు పోయిందంటే ఆ మనిషి మీద ఏ కోచూ ఆశ పెట్టుకోడు. దెబ్బ లేదని టీచరమ్మ ఎంత చెప్పినా, ప్రతి టీచరూ తన పిల్ల గురించి అలాగే చెబుతుందని ఆయన అనుకున్నాడు. అన్ని పేపర్లలో వచ్చింది కదమ్మా అన్నాడట.

రెండు రోజుల తర్వాత టీచరమ్మ ఆ పిల్లనూ తల్లినీ తీసుకుని మార్కాపురం వచ్చింది. పేపర్లలో సవరణ వేయించాలని. బస్టాండు దగ్గర మేమంతా కూర్చునే టీ అంగడి ఉంది. వాళ్ళు వచ్చేసరికి అక్కడ నేనూ అన్నా ఉన్నాం. బెంచీలు జరిపి కూర్చోబెట్టాం. తల్లి కూర్చోలేదు, కొంగు చుట్టుకుని నిలబడింది. ముందు ఆమే మాట్లాడింది.

"మా పాస్టరయ్య పేపరు చూసినాడు సార్. ఆదివారం సంఘమంతా ఈమె మోకాలి కోసరం ప్రార్థన చేసినారు. కొందరు ఏడ్చినారు గూడా."

"నేను గూడా ఆమెన్ అన్నా" అంది పిల్ల. "అందరూ కళ్ళు మూసుకొని ఉంటే లేని దెబ్బని ఎట్ల చెప్పేది?"

టీచరమ్మ నవ్వింది. నవ్వి, ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది. నాకూ నవ్వొచ్చింది. అక్కడ అమ్మవారి పేరు చెప్పి పిల్లను కూర్చోబెట్టారు. ఇక్కడ యేసు పేరు చెప్పి బాగుచేస్తున్నారు. మధ్యలో ఆ దెబ్బను పుట్టించింది మాత్రం దేవుళ్ళెవరూ కాదు, మేము.

సవరణ మాట ఎత్తగానే అన్న తల అడ్డంగా ఊపాడు. ఒక పేపరు వేస్తే మిగతావాళ్ళది తప్పవుతుంది, అందరూ కలిసి వేయాలంటే అందరి డెస్కులూ ఒప్పుకోవాలి, ఎవరూ ఒప్పుకోరు అని ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. పైగా దెబ్బ లేదని రాస్తే, మరి ఎందుకు ఆడలేదని అడుగుతారు, అప్పుడు అసలు సంగతి బజారుకెక్కుతుంది. ఆ పిల్లకు రేపు సంబంధాలు చూడాలి గదమ్మా అని తల్లి వైపు చూశాడు. తల్లి తల వంచుకుంది. ఆమె ఒప్పుకున్నట్టే ఉంది.

పిల్ల ఒప్పుకోలేదు.

"దెబ్బ తగల్లేదని రాయండి సార్, సాలు" అంది అన్నతో. గొంతు పెంచలేదు. "మరి ఎందుకు ఆడలేదంటే అడగనీండి. నన్నెందుకు అడగాల? ఆపినోళ్ళను అడగమనండి."

"వాళ్ళు చెప్తారా పాపా?"

"చెప్పలేకపోతే సిగ్గు వాళ్ళకి గదా సార్, నాకెందుకు?"

నేను సంస్కరణ గురించి చదివిన పుస్తకాలూ విన్న ఉపన్యాసాలూ చాలానే ఉన్నాయి. సిగ్గు ఎవరిదో ఇంత తక్కువ మాటల్లో చెప్పడం వాటిలో నేనెక్కడా చూడలేదు. బస్సులు వచ్చాయి, పోయాయి. దోర్నాల బస్సు కోసం ఇరుముడి నెత్తిన పెట్టుకున్న శివస్వాముల గుంపు ఒకటి మా ముందు నుంచి పోయింది. తర్వాత అన్న ఫోను తీసి గ్రూపులో రాశాడు. గాయం అని తాను పెట్టింది పొరపాటని, ఆ క్రీడాకారిణికి గాయం లేదని, అందరూ సవరణ వేయాలని. ఆయన జీవితంలో అలాంటి మాట గ్రూపులో రాయడం అదే మొదలు.

దాని కింద మావాళ్ళు బొటనవేళ్ళు పెట్టారు. ఒకరిద్దరు నమస్కారాలు పెట్టారు. అంతే. రెండు పేపర్లు లోపలి పేజీలో, సినిమా ప్రకటన పక్కన, గోరంత సవరణ వేశాయి. మా డెస్కు వేయలేదు. వేస్తే ముందు వేసింది తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుంది కదా సార్ అన్నాడు ఆ చురుకైన కుర్రవాడు. తప్పు కాదా అన్నాను. తప్పే సార్, కానీ ఒప్పుకోవడం వేరు కదా అన్నాడు.

కోచ్‌కు ఆ రెండు సవరణ ముక్కలూ టీచరమ్మ పంపింది. ఆయన, పేపరు మాట నమ్మి ఒకసారి పొరపాటు పడ్డాను, ఈసారి డాక్టరు రాసిస్తేనే నమ్ముతానన్నాడు. న్యాయమే. సాక్ష్యం అడిగిన మొదటి మనిషి ఆయనే, కాకపోతే ఆలస్యంగా అడిగాడు. టీచరమ్మ పిల్లను ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ఏ మోకాలని అడిగాడట. వీళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పేపర్లో కుడో ఎడమో లేదు. చివరికి రెండు మోకాళ్ళూ చూసి, రెండూ బాగున్నాయని రాసిచ్చాడు.

ఆ కాగితంతో పిల్ల శిబిరానికి వెళ్ళేసరికి జట్టు తేలిపోయింది. ఆమె చోట పిలిచిన అమ్మాయి బాగానే ఆడుతోంది, ఆమెను ఇప్పుడు ఇంటికి పంపడం న్యాయం కాదు. మా పిల్లను అదనపు ఆటగత్తెగా ఉంచుకున్నారు. జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్ళినప్పుడు అదనపువాళ్ళను తీసుకుపోలేదు. సర్టిఫికెట్ రాలేదు. కోటా సీటు, హాస్టలు అక్కడితో ఆగిపోయాయి. ఇప్పుడు ఇంటి నుంచి బస్సులో దగ్గరి కాలేజీకి పోతోంది. కోతల రోజుల్లో కాలేజీ మానేసి తల్లితో చేనుకు పోతుంది.

నాకు జరిగింది చెప్పుకోవడానికి ఏమీ లేదు. విడిగా రాసినందుకు గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఎవరు తీశారో అడగలేదు. బస్టాండు దగ్గర ఇప్పటికీ అందరూ పలకరిస్తారు, టీ చెబుతారు. అన్న మాత్రం నా పక్కనే కూర్చుంటాడు. "నీకేం తమ్ముడూ, నిజాలు రాసేవాడివి, చివరిదాకా ఎండలో కూసోవాల్సిందే" అని ఎగతాళి చేస్తాడు. ఎగతాళి అయినా మాట నిజమే. కాపీ పంచేవాళ్ళు లేరు కాబట్టి ఏ ఆటకు వెళ్ళినా ఇప్పుడు చివరి కూత దాకా ఉండాలి. ఒక ఆట చూస్తే ఆ రోజుకు ఇంకో ఆట పోతుంది. పేపర్లో నా వార్తలు సగమయ్యాయి. అలసట రెట్టింపయింది. ఇన్నేళ్ళు దెయ్యాల మీదా బాబాల మీదా ఉపన్యాసాలు ఇచ్చి, చివరికి ఒక వాక్యాన్ని అచ్చులో నిలబెట్టలేకపోయినవాడికి ఈ అలసట ఎక్కువేమీ కాదు.

ఆ ఊరి తిరునాళ్ళు మళ్ళీ దగ్గర పడ్డాయి. మహిళల కబడ్డీ ఈసారీ ఉంది. కమిటీ అదే. ఆ పిల్లకు జూనియర్ వయసు ఈ ఏడాదితో అయిపోతుంది. పోటీల తర్వాత మళ్ళీ జిల్లా శిబిరం, అదే ఆఖరి అవకాశం. మొన్న టీచరమ్మ ఫోన్ చేసి, మైదానం ముఖం చూడకుండా శిబిరానికి పోతే ఎవరూ గుర్తించరు, తీసుకుపోతున్నా, కానీ అదే మళ్ళీ జరిగితే ఏం చేయమంటారని అడిగింది. పిల్ల ఫోను తీసుకుని చెప్పింది.

"ఏ రోజైనా నేను గీత లోపలికి పోతా సార్. ఆపుతే ఆపనీండి. ఈసారి అందరు చూస్తాండంగా ఆపాల."

అందరూ అంటే మీరు. ఆ పిల్ల ఒంటరిగా లోపలికి నడిస్తే కమిటీ మళ్ళీ ఆపుతుంది, మావాళ్ళు మళ్ళీ ఏదో ఒక ఎముక విరగ్గొట్టి గౌరవంగా రాస్తారు. నేనొక్కణ్ణి కాదన్నా అది నిలబడదని మీకు ఇప్పటికే తెలిసింది. కాబట్టి నా మాట నమ్మి ఇంట్లో కూర్చోకండి. మీ ఊళ్ళోనూ ఇలాంటి కమిటీ ఉంది. చందాకు మీ గడప దగ్గరికి వస్తారు. వచ్చినవాణ్ణి అక్కడే నిలబెట్టి, నెలసరిలో ఉన్న పిల్లను ఆడనిస్తారా లేదా అని అడగండి. ఆడ మగ అందరూ వినేలా అడగండి. ఆడనివ్వం అంటే రూపాయి ఇవ్వకండి. ఆడనిస్తాం అంటే ఆ మాట నిలుస్తుందో లేదో చూడటానికి మీ ఇంటి ఆడపిల్లలను వెంటబెట్టుకుని ఫైనలుకు వెళ్ళండి, తాడు పక్కన నిలబడండి. ఏ పిల్లనైనా పక్కన కూర్చోబెడితే, ఆ పిల్ల కోర్టులోకి దిగేదాకా మీరూ కూర్చోకండి, ఆట మొదలు కానివ్వకండి.